చదరంగంలో యంత్రాన్ని ఓడించే వ్యూహం మనిషికి ఉందా?

రాయ్‌పూర్ నగరం 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ల చదరంగ పోటీకి వేదికయింది. ఇటువంటి పోటీల్లో ఆట సాగుతుండగా క్రీడాకారులు సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోరాదు. ఫోన్‌లో ఇమిడిపోయే చదరంగ ప్రోగ్రాం సైతం నేడు ప్రపంచ విజేతను ఓడించగలగడమే ఇందుకు కారణం. మరి ఆ యంత్రాన్ని గెలిచే ఉపాయం మనిషికి లేదా?

ఒకప్పుడు ఉండేది. పాత ప్రోగ్రాంలు కొన్ని ఎత్తుల వరకే లెక్క కట్టగలిగేవి. అంతకు మించిన దూరంలో పొంచి ఉన్న ముప్పును పసిగట్టలేకపోయేవి. అందువల్ల ఆటగాళ్లు బంట్లను ఎదురెదురుగా నిలిపి, దారులన్నీ మూసివేసి, ఆ చాటున నింపాదిగా దాడికి సిద్ధమయ్యేవారు.

ఐ.బి.ఎం. సంస్థ రూపొందించిన డీప్ బ్లూను గ్యారీ కాస్పరోవ్ 1996లో 4-2 తేడాతో ఓడించారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో 3.5-2.5 తేడాతో డీప్ బ్లూ గెలిచింది. 2006లో అప్పటి ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ కూడా డీప్ ఫ్రిట్జ్ చేతిలో 4-2తో పరాజయం పొందారు.

అయినా పాత ఉపాయం 2008లో మరోసారి ఫలించింది. ఇంటర్నెట్‌లో జరిగిన ఒక వేగవంతమైన ఆటలో హికారు నకమురా దారులు మూసివేసి రిబ్కా అనే ప్రోగ్రాంను ఎదుర్కొన్నారు. బంటు కదలకుండా, పావు చావకుండా 50 ఎత్తులు గడిస్తే ఆట డ్రా అవుతుంది. తనదే పైచేయి అని లెక్కగట్టిన రిబ్కా, డ్రా తప్పించుకోవడానికి బంటును కదిపి తన కోటను తానే బలహీనపరచుకుంది. 271 ఎత్తుల అనంతరం ఓడిపోయింది.

తమతో తామే ఆడుకుంటూ నేర్చుకునే నేటి ప్రోగ్రాంలను ఈ పద్ధతిలో లొంగదీయడం దాదాపు అసాధ్యం. కానీ వాటికీ గుడ్డిచోట్లు ఉండవచ్చు. ‘గో’ అనే ఆటలో ఒక అమెరికా క్రీడాకారుడు 2023లో మేటి ప్రోగ్రాంను 15 ఆటల్లో 14 సార్లు ఓడించాడు. అయితే ఆ లోపాన్ని మొదట కనిపెట్టింది మరో కంప్యూటరే.

కనుక యంత్రాన్ని గెలవడం కంటే, దానిని ఎప్పుడు ఆశ్రయించాలో తెలియడం ముఖ్యం. చెన్నైలోని తెలుగు కుటుంబంలో జన్మించిన గుకేశ్‌ను, గురువు విష్ణు ప్రసన్న తొలి సంవత్సరాల్లో చదరంగ ప్రోగ్రాంలకు దూరంగా ఉంచి శిక్షణనిచ్చారు. సొంతంగా లెక్కగట్టే ఆ అలవాటుతో ఎదిగిన గుకేశ్ 2024 డిసెంబరులో, 18 ఏళ్ల వయసులో ప్రపంచ విజేతగా నిలిచారు. ప్రతి ఎత్తుకూ యంత్రాన్ని అడిగే పిల్లలకు సమాధానం వెంటనే దొరుకుతుంది. పోటీ బల్ల ముందు మాత్రం వారికి తోడుండేది సొంత ఆలోచన ఒక్కటే.