'రెస్పైట్' శబ్దార్థ విచారము

ఆంగ్లమునందలి 'రెస్పైట్' శబ్దమునకు మూలము లాటినునందలి 'రెస్పెక్టస్'. వెనుదిరిగి చూచుట యని దాని యర్థము. గౌరవవాచకమగు 'రెస్పెక్టు'నకు నదియే మూలము. ప్రాచీన ఫ్రెంచిభాష ద్వారమున వచ్చిన యీ పదము తొలుత గడువునకును, పిదప బాధనడుమ లభించు స్వల్పవిరామమునకును వర్తించెను. రోగిని సేవించు బంధువులకుఁ గొన్నిదినములు విశ్రాంతి కల్పించు నేర్పాటును నేఁడు 'రెస్పైట్ కేర్' అందురు. 1950లో నమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 72వ యధికరణమున నీ పదము క్షమాభిక్షకంటె వేఱుగఁ బేర్కొనఁబడినది. కావున దీనిని 'విముక్తి' యనుట ప్రమాదము. బాధ తొలఁగలేదు, ఆఁగినది మాత్రమే. 'ఉపశమనము' తీవ్రత తగ్గుటఁ దెలుపునే కాని గడువుఁ దెలుపదు. 'వాన తెరపి యిచ్చినది' యని రైతు పలుకు 'తెరపి'యే దీనికిఁ దగినది: మబ్బింకను విడలేదు, వాన మరల రావచ్చును.