బేకరీలో మన రుచులు

నేడు చిన్న పట్టణాలలో సైతం బేకరీ సర్వసామాన్యమైపోయింది. అయితే బేకరీ మన నేలపై పుట్టినది కాదు. పెనం మీద రొట్టె కాల్చడం, ఆవిరిపై కుడుము ఉడికించడం, నూనెలో అరిసెను వేయించడం మన వంటింటి పద్ధతులు. నలువైపులా మూసిన పొయ్యిలో, పొడి వేడిమితో పిండిని కాల్చే ఐరోపా విధానం మనకు సముద్రం మీదుగా వచ్చింది. వచ్చిన ఆ విద్య ఇక్కడి రుచులను స్వీకరించి మనదైన తీరు గమనింపదగినది.

పదహారవ శతాబ్దంలో గోవాను ఆక్రమించిన పోర్చుగీసువారు తమ రొట్టెను విడువలేకపోయారు. వారి భాషలో రొట్టెకు గల పేరే మన 'పావ్' అయింది. పిండి పొంగడానికి ఈస్ట్ అనే సూక్ష్మజీవి అవసరం. అది పిండిలోని చక్కెరను గ్రహించి వాయువును విడుస్తుంది. ఆ వాయువు వల్ల ముద్ద ఉబ్బి, రొట్టె గుల్లబారుతుంది. ఆనాడు ఈస్ట్ దొరకని గోవాలో రొట్టెలవారు కొబ్బరి కల్లుతో పిండిని పులియబెట్టారు. ఈ విధంగా ఐరోపా రొట్టె తొలి అడుగులోనే మన చెట్టును ఆశ్రయించింది.

బ్రెజిల్ దేశానికి చెందిన జీడిమామిడిని మనకు తెచ్చినవారు కూడా పోర్చుగీసువారే. ఈ కొత్త చెట్టుకు తెలుగువారు పెట్టుకొన్న పేరు అర్థవంతమైనది. చాకలివారు బట్టలపై గుర్తులు వేయడానికి వాడిన నల్లజీడి, ఇంటింటికీ తెలిసిన మామిడి - ఈ రెండూ కలిసి 'జీడిమామిడి' అయింది. వృక్షశాస్త్రజ్ఞులు సైతం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చడం విశేషం.

ఇసుక నేలలను ఇష్టపడే ఈ చెట్టు తూర్పు తీరాన బాగుగా నాటుకొంది. చీరాలకు చేరువలోనున్న వేటపాలెం జీడిపప్పుకు పేరుపొందింది. ఒకనాడు గుంటూరు జిల్లాలోనూ, 1970 నుండి ప్రకాశం జిల్లాలోనూ ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ ఊరికి, 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఎంతటి కీర్తిని తెచ్చిందో, జీడిపప్పు కూడా అంతటి గుర్తింపును తెచ్చింది.

జీడిపప్పును సిద్ధపరచడం సులభమైన పని కాదు. ఎండబెట్టిన గింజలను కాల్చి గాని, ఆవిరిపట్టి గాని పెంకు పగులగొట్టాలి. పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కి పుండ్లు పడతాయి. అందువల్ల పనివారు చేతులకు బూడిదో, నూనెో రాసుకొంటారు. లేదా తొడుగులు వేసుకొంటారు. పప్పు విరుగకుండా తీసి, మరల ఆరబెట్టి, పైపొర ఒలిచి, గుండు, బద్ద, ముక్క అని వేరుచేస్తారు. యంత్రాలు వచ్చినా చేతిపని పూర్తిగా తప్పలేదు. ఈ శ్రమలో అధికభాగం స్త్రీలదే.

ఈ పప్పుకూ, బేకరీకీ నేడు విడదీయరాని బంధం ఏర్పడింది. హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్ వద్ద గల కరాచీ బేకరీని దర్శించినవారికి ఇది స్పష్టమవుతుంది. దేశవిభజన వేళ సింధు ప్రాంతం నుండి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దీనిని స్థాపించారు. ఇక్కడి జీడిపప్పు బిస్కట్లు, పండ్ల ముక్కల బిస్కట్లు ప్రసిద్ధమైనవి. ఆ రంగురంగుల ముక్కలను సాధారణంగా పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో ఊరవేసి తయారుచేస్తారు. 'బిస్కట్' అనే మాటకు మూలార్థం 'రెండుమార్లు కాల్చినది' అని. ఆ ఐరోపా బిస్కట్ ఈ నగరంలో తీపితోపాటు ఉప్పునూ కలుపుకొని ఉస్మానియా బిస్కట్‌గా మారి, ఇరానీ చాయ్‌కి తోడైంది. చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చినదని ప్రతీతి. మొహర్రం మాసంలో ఇక్కడి బేకరీలు గోధుమపిండి, రవ్వ, నెయ్యి, జీడిపప్పు, బాదంపప్పులతో దమ్ కే రోట్ తయారుచేస్తాయి.

పొరుగున కేరళలోనూ ఇట్టి కథ ఉన్నది. తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1880లో బిస్కట్ల కర్మాగారం నెలకొల్పారు. 1883లో ఒక ఆంగ్లేయుడు క్రిస్మస్ కేకు చేయమని కోరగా, విదేశీ మద్యానికి బదులు జీడిమామిడి పండ్లతోనూ, కదళీఫలంతోనూ తీసిన సారాను కలిపి ఆయన కేకు చేశాడని చెబుతారు.

పొయ్యి ఐరోపాది, చెట్టు బ్రెజిల్‌ది. వాటిని మనవిగా మలచినది ఇక్కడివారి నేర్పు, శ్రమ. పరదేశపు వస్తువైనంత మాత్రాన దేనినీ నిరాకరింపనక్కరలేదు. దానిని మన అవసరానికి తగినట్లు మార్చుకోవడమే విజ్ఞత. అయితే బిస్కట్‌పై మెరిసే జీడిపప్పు బద్దను రుచి చూసేవేళ, దానిని విరుగకుండా వెలికితీసిన చేతులను కూడా తలచుకోవాలి. ఆ చేతులకు రక్షణ, తగిన కూలి దక్కిననాడే ఆ రుచి సంపూర్ణమవుతుంది.