మంచుపై కారు, మడిలో ట్రాక్టరు

సంఘసభ్యులగు రైతు సోదరులలో పలువురు ట్రాక్టరుతో దమ్ము చేయించుచున్నారు. దాని భాగములన్నియు నెరుగకున్నను పని సాగును. కాని డిఫరెన్షియల్ అను భాగమును, దానిని బిగించు లాక్‌ను గూర్చి యెరుగకుండుట ప్రాణాపాయకరము. దీని గుణదోషములు మంచు దారులమీద మిక్కిలి స్పష్టముగ గానవచ్చును గనుక, ముందు వానిని గూర్చి చెప్పి పిదప మన మడికి వచ్చెదము.

బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె నెక్కువ దూరము నడువవలెను. ఎద్దుబండి చక్రములు వేర్వేరుగ తిరుగును గనుక అందు చిక్కు లేదు. ఇంజను రెండు చక్రములను ద్రిప్పు బండ్లకే యీ చిక్కు. దీనిని దీర్చు డిఫరెన్షియల్‌ను ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెక్కర్ 1827-28 ప్రాంతమున ఆవిరిబండికై రూపొందించెను.

అయితే యిది రెండు చక్రములకును బలమును సమముగ పంచును. ఒక చక్రము గట్టి రోడ్డుపైనను, రెండవది మంచుగడ్డపైనను ఉన్నచో, జారు చక్రము భరింపగల కొద్దిపాటి బలమే గట్టి నేలమీది చక్రమునకును దక్కును. ఎండిన రోడ్డుపై చక్రపు పట్టు దానిపై బడు బరువులో నూటికి 70, 80 పాళ్లుండును. అణగిన మంచుపై 20, 30 పాళ్లు. నున్నని మంచుగడ్డపై సుమారు 10 పాళ్లే. కావున హిమాచల ప్రదేశములో 3,978 మీటర్ల యెత్తుననున్న రోహతాంగ్ కనుమవంటి చోట్ల, ఒక చక్రము గిరగిర తిరుగుచుండ బండి కదలక నిలిచిపోవుట కలదు.

దీనికి ప్రతిక్రియగ రెండు చక్రములను ఒకటిగ బిగించు లాక్, జారుడును కొంత యరికట్టు డిఫరెన్షియల్ వచ్చినవి. రెండవ విధమైనదానిని 1956లో అమెరికాలోని ప్యాకర్డు కంపెనీ తన కార్లలో నమర్చెను. వీనివలన బండి ముందునకు సాగును. కాని యీ మేలునకు వెల యున్నది.

చక్రమునకు పట్టు ఒక్కటే మూలధనము. సంఘమునుండి తెచ్చిన అప్పంతయు విత్తనములకే వ్యయమైనచో ఎరువునకు మిగులదు గదా! అట్లే పట్టంతయు ముందునకు లాగుటకే ఖర్చైనచో, పక్కకు జారకుండ నిలుపుటకు మిగులదు. సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక చక్రము జారినను రెండవది బండిని దారిలో నిలుపుచుండును. బిగించినప్పుడు వెనుక చక్రములు రెండును ఒక్కసారి జారి, బండి తోక పక్కకు కొట్టుకొనిపోవును. బిగించినవి ముందు చక్రములైనచో, స్టీరింగు త్రిప్పినను బండి తిన్నగనే పోజూచును. అందుచేతనే మంచుదారిలో నిపుణులు ఇంజనును మెల్లమెల్లగ హెచ్చింతురు. పట్టునే పెంచుటకై చక్రములకు గొలుసులు చుట్టుదురు.

ఇక మన మడికి వత్తము. బురదయు మంచువంటిదే. ఒక చక్రము జారనారంభించినచో, అది గుంట త్రవ్వుకొనకముందే క్లచ్చి నొక్కి, చక్రములు నిలిచిన పిమ్మట లాక్ వేయవలెను. తిన్నగ మాత్రమే నడుపవలెను. మలుపునకు ముందే లాక్ తీయవలెను. లేనిచో ట్రాక్టరు తిరుగక గట్టునకు గ్రుద్దుకొనును, గేర్లును విరుగవచ్చును. గట్టి రోడ్డుపైనను, పల్లపు మలుపులలోనను లాక్ ఎన్నడును తగదు.

మరియొక ప్రమాదము కలదు. చక్రములు రెండును లోతుగ దిగబడి కదలనప్పుడు, వానికి దుంగలు కట్టి ఇంజను హెచ్చింతురు. చక్రము తిరుగ వీలులేనిచో, ఇరుసు చుట్టును ట్రాక్టరే పైకి లేచి, రెండు సెకనులు గడువకముందే వెనుకకు బోర్లపడి నడుపువానిని నలిపివేయగలదు. ముందు చక్రములు లేచిన తత్‌క్షణమే క్లచ్చి నొక్కవలెను. అంతకంటె మేలు, దుంగలు కట్టుట మాని, బరువును విప్పి, మరియొక ట్రాక్టరుచేత లాగించుట. ఒక పూట పని చెడినను మరునాడు చేసికొనవచ్చును. పోయిన ప్రాణము రాదు.

ట్రాక్టరుగల సభ్యులు దీనిని తమ డ్రైవర్లకు చదివి వినిపింతురుగాక యని కోరుచున్నాము.