ఇంటికింద నాలుగు జాకీలు

పంక్చరైన లారీకి డ్రైవరు జాకీ వేసి ఎత్తడం మీరంతా చూసే ఉంటారు. ఇంటికి జాకీ వేయడం ఎప్పుడైనా చూశారా? అమెరికాలో అదీ ఉంది. అక్కడ కొన్ని కుటుంబాలు సెలవుల్లో మోటారు ఇంట్లో ఊళ్లు తిరుగుతాయి. చూడటానికి బస్సు, లోపల మంచాలు, వంటగది, స్నానాలగది, ఫ్రిజ్. పెద్ద రకాలు కొన్ని సామానుతో సహా 10 టన్నులు తూగుతాయి.

సాయంత్రం ఏ అడవి పక్కనో బండి ఆపారనుకోండి. నేల ఏటవాలుగా ఉంది. పడుకుంటే తల కిందికీ కాళ్లు పైకీ వస్తాయి. పెనం మీద నూనె ఒకే పక్కకు చేరుతుంది. ఇవి ఎలాగో సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఫ్రిజ్‌తో!

ఈ బండ్లలో చాలావాటికి ఉండే ఫ్రిజ్‌లో కంప్రెసరు ఉండదు. (కొత్తవాటిలో కంప్రెసరు రకమూ వస్తోంది, దానికి వాలుతో ఇంత బాధ లేదు.) ఇది గ్యాసు మంటతో చల్లబరుస్తుంది! మంటతో చల్లదనమా అని నవ్వకండి. 1922లో స్వీడన్‌లో ఫాన్ ప్లాటెన్, మున్‌టెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని కనిపెట్టారు. గొట్టాల్లో అమ్మోనియా కలిసిన నీరు ఉంటుంది. వేడి చేస్తే అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి ద్రవమవుతుంది. అది కిందికి జారి, హైడ్రోజన్ ఉన్న చోట మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. తర్వాత నీటిలో కరిగి, మంట దగ్గరకు తిరిగొస్తుంది. ఈ ద్రవాలను నడిపించే పంపు లేదు. గురుత్వాకర్షణే నడిపిస్తుంది. బండి ఎక్కువగా వాలితే ద్రవం మధ్యలోనే నిలిచిపోతుంది. మంట మాత్రం ఆగదు కదా! గొట్టం మితిమీరి వేడెక్కుతుంది, అందులోని లవణాలు గట్టిపడి దారి మూసేస్తాయి. ఆ ఫ్రిజ్ ఇక బాగుపడదు. కొన్ని రకాలు పక్కకు 3 డిగ్రీలు మించి వాలకూడదంటారు. అంటే 2 మీటర్ల వెడల్పులో సుమారు 10 సెంటీమీటర్ల తేడా, అంతే. మరి ఘాట్ రోడ్డులో పాడు కాదేం? ప్రయాణంలో కుదుపులకు ద్రవం ఒకచోట నిలవదు. ఆపి ఉంచినప్పుడే ప్రమాదం.

అందుకే జాకీలు. చిన్న బండ్లకు మోటారుతో మర తిరిగే జాకీలు చాలు. పెద్దవాటికి నూనెతో పనిచేసేవి వాడతారు. పాస్కల్ సూత్రం చదువుకున్నారుగా? నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు, ముషలకం వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఎంత బరువు లేస్తుంది? 5,000 కిలోలు! అయితే ఎన్నుకొనే ముందు నీరూ ఇంధనమూ నింపి, ముందు ఇరుసు బరువు వేరుగా, వెనక ఇరుసు బరువు వేరుగా కాటా వేయించాలి. వాలు నేలమీద బరువు అన్ని జాకీల మీదా సమానంగా పడదు. కాబట్టి జాకీల శక్తి లెక్కకన్నా బాగా ఎక్కువే ఉండాలి.

మూడా, నాలుగా? మా ల్యాబులో నాలుగు కాళ్ల బల్ల ఒకటి ఎప్పుడూ ఊగేది. ముక్కాలిపీట ఏనాడూ ఊగలేదు. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయని జ్యామితిలో చదివారే, అదే కారణం. నాలుగు జాకీలు ఉంటే బండి గాలికి తక్కువగా ఊగుతుంది, కాని ఒక్కో మూలనే ఎత్తితే ఛాసిస్ మెలిపడి అద్దం పగలవచ్చు. అందుకని జంటగా ఎత్తుతారు.

బిగించేటప్పుడు ఛాసిస్ దూలం పై అంచుకు గాని, కింది అంచుకు గాని రంధ్రం వేయరాదు. ఒక స్కేలును వంచి చూడండి: ఒక అంచు సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది, నడుమ భాగం దాదాపు అలాగే ఉంటుంది. రంధ్రాలు ఆ నడుమ భాగానికే వేస్తారు. తర్వాత లోపల, ఫ్రిజ్‌లోనే రసమట్టం పెట్టి బండిని సమం చేసి, ఇదే సున్నా అని యంత్రానికి చెబుతారు. మన తాపీ మేస్త్రీ వాడే రసమట్టమే సుమా!

జాకీ పాదం 25 సెంటీమీటర్ల వ్యాసం ఉందనుకోండి. దానిమీద 2,500 కిలోలు పడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోల ఒత్తిడి. మెత్తని నేలలో దిగబడుతుంది. కింద 40 సెంటీమీటర్ల చదరపు చెక్క వేస్తే ఒత్తిడి ఒకటిన్నర కిలోలకు తగ్గుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ బండ్లలో చాలావాటికి నిలిపి ఉంచే బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం పల్లంలో ఉందని జాకీలతో ఆ చక్రాలను నేలనుంచి లేపేశారో, బ్రేకు ఉండీ లేనట్టే. ముందు చక్రాలు దొర్లితే జాకీలు పక్కకు ఒరిగి, 10 టన్నుల ఇల్లు వాలు వెంట కదులుతుంది. అందుకే వెనక చక్రాలు నేలమీదే ఉండాలి, అన్ని చక్రాలకూ అడ్డు దిమ్మలు పెట్టాలి. అంత వాలైతే వేరే చోటు చూసుకోవాలి. జాకీల మీద మాత్రమే నిలిచిన బండి కిందికి మనిషి దూరడమంటే ప్రాణం పణం పెట్టడమే.

తెల్లవారి బయలుదేరేటప్పుడు జాకీలు పైకి మడవాలి. కొన్నిటిని స్ప్రింగులు లాగుతాయి. చలికి నూనె చిక్కబడితే అవి మెల్లగా లేస్తాయి. అద్దం ముందు దీపం ఆరిపోయినా డ్రైవరు దిగి, చుట్టూ తిరిగి, వంగి నాలుగింటినీ చూసి వస్తాడు.