నవ్వు గుడ్లగూబ, రాతిపువ్వు

గుడ్లగూబ కూసినచో ఇంటికి కీడని జంకువారు మనలో నేటికిని గలరు. ఆ భయములో సయితము ఒక గుర్తింపు గలదు. కూత వినబడనినాడు పక్షి పోయినదని తెలియును. రాతిమీది శైలేయమునకు ఆపాటి భాగ్యమును లేదు.

న్యూజిలాండులో నవ్వు గుడ్లగూబ యను పక్షి యుండెడిది. మావోరీలు దానిని ఫేకౌ అనిరి. కూత వికటహాసమువలె నుండుటచే ఆ పేరు వచ్చినది. అది రాతినెరియలలో గుడ్లు పెట్టి, తరచు నేలమీదనే వేటాడెడిది. వలసవచ్చిన తెల్లవారు కుందేళ్ళ నణచుటకై ముంగిసను పోలిన స్టోటులను, ఫెర్రెట్లను తెచ్చి విడిచిరి. వాని పంటికి ఈ పక్షియు చిక్కినది. 1914 జూలైలో బ్లూక్లిఫ్స్ అనుచోట చచ్చి పడియున్నదే మనకు తెలిసిన కడపటిది. తేది గలదు, చోటు గలదు, హంతకుల జాడయు గలదు.

ఇక శైలేయము. బిరియానీ మసాలాలో మనము వేయు రాతిపువ్వు ఆ కుటుంబములోనిదే. అది ఒక ప్రాణి కాదు. బూజు ఇల్లు కట్టగా, అందులో నాచు ఎండతో వంట చేయును. ఇంత చక్కని ఉమ్మడి కాపురము మనుష్యులలో అరుదు! దీనికి వేరు లేదు, బెరడు లేదు. వానను, మంచును ఒడలెల్ల త్రాగును. గాలిలోని గంధకపు పొగయు అట్లే లోనికి పోయి నాచులోని పచ్చదనమును చెరచును. 1866లోనే నైలాండరు అను శాస్త్రజ్ఞుడు పారిస్ లక్సెంబర్గ్ తోటలోని శైలేయములను చూచి, ఇవి గాలి శుభ్రతకు కొలమానములని వ్రాసెను. ముప్పది యేండ్లలో ఆ తోటలో అవి లేకుండపోయినవి. ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్ అను శైలేయము అడవుల నరికివేతకు, ఆమ్లవర్షమునకు గురియై స్వీడనులో నశించినది. 2003లో దానిని అత్యంత ప్రమాదస్థితిలోని వానిలో చేర్చిరి. దీని హంతకుని పట్టుకొనుట యెట్లు? పొగకు పాదముద్ర యుండదు.

ముంబయి రహదారిమీది ముత్తంగి గ్రానైటు శిలల సీమలోనిది. ప్రక్కనే పటాన్‌చెరువు పారిశ్రామికవాడ 1970 దశకము నుండి పెరిగినది. ఇచ్చటి బండ బోసిగా నున్నంతమాత్రమున పొగనే దోషి యనుట తొందరపాటగును. మన యెండలును సామాన్యమైనవి కావు. అయితే బండకు పెంకువలె అంటుకొను జాతులు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగిన గొప్ప. ఆ బండను పగులగొట్టుటకు ఒక్క పూట చాలును. పోల్చి చూడక మునుపే రాయి కంకరయై పోవును. తొలకరి తడికి ఎండిన శైలేయము ఉబ్బి పచ్చదేరును. ముత్తంగి బండలను చూడదలచినవారికి అదే అదను.