పాత కారుకి గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ రేషియో ఎలా ఎంచుకోవాలి? ఒక 1966 మస్టాంగ్ లెక్క

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, గుణకారం మాత్రమే ఉంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి, చాలు.

మా పెద్దమ్మ కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. రెండేళ్ల క్రితం ఒక 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాడు. 289 వీ8 ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్, వెనక యాక్సిల్ రేషియో 3.00. కారు బాగానే ఉంది కానీ, సిగ్నల్ దగ్గర బద్ధకంగా కదులుతోందని అన్నయ్య గోల. ఒక షాప్‌లో అడిగితే "వెనక 4.11 వేయించు, ఎగిరిపోతుంది" అన్నారట. వేయించాడు. నిజంగానే ఎగిరింది. వీడియో కాల్‌లో "ఏరా, పికప్ చూశావా!" అని ఒకటే సంబరం.

తర్వాత విజయవాడ నుంచి పెదనాన్న అక్కడికి వెళ్లారు. ఆయన్ని అదే కారులో ఆస్టిన్ తీసుకెళ్లాడు. దాదాపు 200 మైళ్లు, హైవే మీద మూడు గంటలు. గంట గడిచేసరికి పెదనాన్న చెవి మిషన్ తీసి జేబులో పెట్టేసుకున్నారు. ఇంజన్ మోతకి మాట వినపడితే కదా! తండ్రీకొడుకులు ఇద్దరూ మాటల్లేకుండా ఆస్టిన్ చేరారు. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు లెక్కలు బాగా వేస్తావుగా, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పు" అన్నాడు. ఆ లెక్కే ఈ ఎపిసోడ్.

రేషియో అంటే ఏంటి?

మీలో చాలామందికి బైక్ ఉంటుంది. వెనక స్ప్రాకెట్ పెద్దది వేస్తే ఏమవుతుంది? పికప్ పెరుగుతుంది, కానీ 80 దాటాక ఇంజన్ అరుస్తుంది. కారు వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్, పినియన్ చేసేది కూడా అదే పని. 3.00 అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 4.11 అంటే పినియన్‌కి 9 పళ్లు, క్రౌన్‌కి 37 పళ్లు. 37ని 9తో భాగించండి, వచ్చేస్తుంది. నంబర్ పెద్దదైతే లాగే బలం ఎక్కువ, అదే స్పీడ్‌కి ఇంజన్ తిరగాల్సిన చుట్లు కూడా ఎక్కువ.

కానీ ఈ నంబర్ ఒక్కటే చూసి డబ్బులు పెట్టకూడదు. ముందు గేర్‌బాక్స్ ఉంది, చివర టైర్ ఉంది. మూడూ కలిస్తేనే ఒక లెక్క.

రెండే రెండు గుణకారాలు

మొదటిది స్టార్టింగ్ నంబర్. ఫస్ట్ గేర్ రేషియోని యాక్సిల్ రేషియోతో గుణించాలి. మాన్యువల్ బాక్స్ ఉన్న వీ8 కారు రోడ్డు మీద వాడుకోవాలంటే ఇది 10 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. బాగా తగ్గితే క్లచ్ కాలుతుంది. బాగా పెరిగితే ఫస్ట్ గేర్ వేసీ వేయగానే అయిపోతుంది.

రెండోది హైవే నంబర్. టాప్ గేర్ రేషియోని యాక్సిల్ రేషియోతో గుణించి, చక్రం నిమిషానికి తిరిగే చుట్లతో మళ్లీ గుణిస్తే ఇంజన్ ఆర్‌పీఎం వస్తుంది. అన్నయ్య టైర్లు 205/70 ఆర్14. వీటి చుట్టుకొలత దాదాపు 2.02 మీటర్లు. గంటకి 70 మైళ్లు, అంటే మన లెక్కలో 113 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి దాదాపు 930 చుట్లు తిరుగుతుంది.

ఇప్పుడు అన్నయ్య కారు చూద్దాం. ఫస్ట్ గేర్ 2.78, టాప్ గేర్ 1.00.

యాక్సిల్ 3.00 ఉన్నప్పుడు: స్టార్టింగ్ 8.34, హైవేలో 2,790 ఆర్‌పీఎం.

4.11 వేశాక: స్టార్టింగ్ 11.43, హైవేలో 3,820 ఆర్‌పీఎం.

చూశారా? పికప్ ఎందుకు వచ్చిందో, పెదనాన్న చెవి మిషన్ ఎందుకు తీశారో రెండూ ఇక్కడే ఉన్నాయి. టూ-బ్యారెల్ కార్బ్యురేటర్ ఉన్న ఈ 289 ఇంజన్‌కి గరిష్ఠ టార్క్ వచ్చేది 2,400 ఆర్‌పీఎం దగ్గర. మూడు గంటలపాటు దానికన్నా 1,400 ఎక్కువ తిప్పితే మోత, వేడి, పెట్రోల్ ఖర్చు అన్నీ పెరుగుతాయి.

అసలు మార్చాల్సింది ఏది?

ఇక్కడే అసలు పాయింట్. అన్నయ్యకి కావాల్సినవి రెండు. సిగ్నల్ దగ్గర చురుకు, హైవేలో ప్రశాంతత. యాక్సిల్ మారిస్తే ఒకటి ఇచ్చి ఇంకోటి లాక్కుంటుంది, ఎందుకంటే అది అన్ని గేర్లకీ ఒకేలా వర్తిస్తుంది. రెండూ కావాలంటే ఫస్ట్ గేర్‌కీ టాప్ గేర్‌కీ మధ్య దూరం పెరగాలి. అది గేర్‌బాక్స్ చేతిలో ఉంటుంది.

ఫోర్డ్ వాళ్లే 1990-93 మస్టాంగ్ 5.0 లో టీ-5 అనే ఐదు గేర్ల బాక్స్ వాడారు. దాని ఫస్ట్ 3.35, ఐదోది 0.68. ఐదోది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ కన్నా షాఫ్టే ఎక్కువ తిరుగుతుంది. ఇది పెడితే:

3.00 యాక్సిల్‌తో: స్టార్టింగ్ 10.05, హైవేలో 1,900.

3.55 తో: స్టార్టింగ్ 11.89, హైవేలో 2,245.

4.11 తో: స్టార్టింగ్ 13.77, హైవేలో 2,600.

4.11 తో హైవే ఓకే. కానీ ఫస్ట్ గేర్‌లో 5,000 ఆర్‌పీఎం దాకా లాగినా 44 కిలోమీటర్ల స్పీడే వస్తుంది. అంటే సిగ్నల్ దాటేలోపే గేర్ మార్చాలి. 3.55 చక్కగా ఉంది, కానీ మళ్లీ ఖర్చు. మొదటి లైన్ చూడండి. అన్నయ్య దగ్గర ఉన్న పాత 3.00 యాక్సిలే సరిపోతుంది! పికప్ ముందుకన్నా 20 శాతం పెరుగుతుంది, హైవేలో ఇంజన్ కూడా చల్లగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌కి దిగితే చాలు.

నేను ఈ షీట్ పంపించాను. అన్నయ్య రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే 4.11 డబ్బులు పోయినట్టేనా?" అన్నాడు. పోయినట్టే అన్నయ్యా.

అదృష్టం ఏంటంటే, ఈ ఫోర్డ్ 8 ఇంచుల యాక్సిల్‌లో క్రౌన్ పినియన్ సెట్ మొత్తం ఒకే ముద్దగా ముందు నుంచి బయటికి వస్తుంది. పాతది గ్యారేజీలో అలాగే ఉంది కాబట్టి దాన్నే తిరిగి ఎక్కించారు.

మీరు చేసే ముందు నాలుగు చెకింగ్‌లు

ఒకటి, ఇప్పుడున్న రేషియో ఎంతో తెలుసుకోండి. బండి సమతలం మీద ఉండాలి, మిగతా చక్రాలకి అడ్డు పెట్టాలి, స్టాండ్ లేకుండా బండి కిందకి దూరొద్దు. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రాన్ని మాత్రమే లేపి, సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మీద చాక్‌పీస్ గీత పెట్టి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే మీ రేషియో. లిమిటెడ్ స్లిప్ ఉంటే ఈ పద్ధతి కుదరదు.

రెండు, టైర్ సైజు మర్చిపోవద్దు. 10 శాతం పెద్ద టైర్ వేస్తే 4.11 కాస్తా 3.74 లాగా పనిచేస్తుంది.

మూడు, స్పీడోమీటర్. దీని కేబుల్ గేర్‌బాక్స్ వెనక నుంచి వస్తుంది. యాక్సిల్ మార్చి స్పీడో గేర్ మార్చకపోతే మీటర్ అబద్ధం చెబుతుంది. అన్నయ్య మీటర్ 70 చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్ 51 చూపించింది!

నాలుగు, కొత్త బాక్స్ మీ ఇంజన్ టార్క్‌ని మోయగలదా, షాఫ్ట్ పొడవు సరిపోతుందా అని కొనే ముందే అడగండి.

ఆటోమేటిక్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. టార్క్ కన్వర్టర్ బండి కదిలేటప్పుడు బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. అందుకే ఫస్ట్ గేర్ 2.46 ఉన్న పాత సీ4 బాక్స్‌కి 2.80 యాక్సిల్ కూడా సరిపోయింది. కాబట్టి 10 రూల్ వాళ్లకి పట్టదు. హైవే లెక్క మాత్రం అదే.

పెదనాన్న ఇండియాకి తిరిగొచ్చే ముందు వారం మళ్లీ ఆస్టిన్ వెళ్లారు. ఈసారి చెవి మిషన్ తీయలేదట. "దారి పొడుగునా నా డ్రైవింగ్‌కి వంకలు పెడుతూనే ఉన్నారు" అని అన్నయ్య కంప్లైంట్. ఆ గొంతులో సంతోషం నాకు బాగా తెలిసింది.

సో ఫ్రెండ్స్, స్పానర్ పట్టుకునే ముందు కాలిక్యులేటర్ పట్టుకోండి. మీ బండి ఫస్ట్ గేర్, టాప్ గేర్, యాక్సిల్ నంబర్లు, టైర్ సైజు కామెంట్‌లో పెట్టండి, కలిసి లెక్క వేద్దాం. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!