తెర మీద చుక్కలు ఎందుకు చెదురుతాయి?

పెళ్ళి పత్రిక వేయించడానికో, జాతర ఫ్లెక్సీ కోసమో పెద్దవాళ్ళ వెంట మీరు డీటీపీ షాపుకు వెళ్ళే ఉంటారు. అక్కడి కంప్యూటరులో కొత్త విండోస్ వేసిన మర్నాడు ఒక్కోసారి చిత్రమైన సంగతులు జరుగుతాయి. నిన్నటి దాకా చక్కగా పనిచేసిన డిజైను సాఫ్టువేరులో తెర మీద నల్లని పట్టీలు పడతాయి. పక్కకు జరిపిన బొమ్మ కొత్త చోటా కనిపిస్తుంది, పాత చోటా దయ్యంలా నిలిచిపోతుంది. తెలుగు అక్షరాల బదులు ఇంగ్లీషు గుర్తుల కుప్ప ప్రత్యక్షమవుతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11కు మారే పని చాలామందికి పడింది. ఇంతకీ కంప్యూటరు పాడైనట్లేనా? చాలాసార్లు కాదు. ఎందుకో చూద్దాం.

కంప్యూటరు తెర అంటే పెద్ద చుక్కల ముగ్గు. సంక్రాంతికి మీ అక్క వాకిట్లో వేసే ముగ్గులో చుక్కలు ఇరవయ్యో ముప్పయ్యో వరసలుంటాయి. ఇక్కడ అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం 20,73,600 చుక్కలు. వీటినే పిక్సెళ్ళు అంటారు. ఒక్కొక్క చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు ఎంతెంతో చెప్పాలి. ఒక్కొక్క పాలుకు 256 మెట్లున్నాయి కాబట్టి 256ను మూడుసార్లు హెచ్చవేయండి. 1,67,77,216 రంగులు వస్తాయి. ఒక్కో చుక్క రంగును దాచడానికి సాధారణంగా 4 బైట్లు వాడతారు. అంటే తెర మొత్తానికి సుమారు 83 లక్షల బైట్లు. తెర సెకనుకు 60 సార్లు తాజా అవుతుంది. అప్పుడు సెకనుకు ఎన్ని బైట్లు కదలాలి? దాదాపు 50 కోట్లు!

అంతేకాదు. అచ్చంపేటలో ఉమామహేశ్వరం జాతరకు కట్టే 10 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున తయారుచేస్తే, అందులో 4,47,89,760 చుక్కలుంటాయి. అది 21 తెరల కన్నా ఎక్కువ పని. మౌసు కదిపినప్పుడల్లా అందులో కనిపించే భాగాన్ని లెక్కగట్టి తెర మీదికి తేవాలి.

ఈ పనికి కంప్యూటరులోని ముఖ్యమైన ప్రాసెసరు ఒక్కటే చాలదు. అది గట్టి లెక్కల మాస్టారు వంటిది. ఎంత కఠినమైన లెక్కనైనా చేస్తుంది, కానీ ఒకసారికి కొన్నే. గ్రాఫిక్సు ప్రాసెసరు అలా కాదు. అది పాఠశాల పిల్లలందరినీ మైదానంలో కూర్చోబెట్టి తలా ఒక చిన్న కూడిక ఇచ్చినట్లు పనిచేస్తుంది. ఒక్కొక్కరిదీ చిన్న పనే, అయినా అందరూ ఒకేసారి చేస్తారు. చుక్కల రంగులు లెక్కగట్టడానికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు.

దుబాసీ మారకపోతే

అయితే ఈ గ్రాఫిక్సు ప్రాసెసరుకు అర్థమయ్యే ఆజ్ఞలు వేరు. తయారుచేసిన కంపెనీని బట్టి, నమూనాను బట్టి అవి మారుతుంటాయి. డిజైను సాఫ్టువేరు రాసినవాళ్ళు ఇవన్నీ నేర్చుకోలేరు. అందుకని మధ్యలో ఒక దుబాసీ ఉంటుంది. దాని పేరే డ్రైవరు. బస్సు నడిపే డ్రైవరుతో దీనికి పోలిక వెతక్కండి, లాభం లేదు! సాఫ్టువేరు "ఇక్కడ ఎర్రని వృత్తం గీయి" అంటుంది. ఆ మాటను ఆపరేటింగ్ సిస్టమ్ తన నిబంధనల ప్రకారం డ్రైవరుకు అందిస్తుంది. డ్రైవరు దాన్ని కార్డుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ఈ నిబంధనలు మారవచ్చు. బ్యాంకులో ఫారాలు మారిపోతే పాత ఫారం పట్టుకెళ్ళినవాడి పని ఏమవుతుంది? 2007 జనవరిలో విండోస్ విస్టా బజారులోకి వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే జరిగింది. డిస్‌ప్లే డ్రైవర్లు రాసే పద్ధతినే అందులో మార్చేశారు. పాత పద్ధతి డ్రైవర్లతో తెరమీద బొమ్మ వచ్చేది గానీ, విస్టా తెచ్చిన గాజుపలకల వంటి కొత్త హంగులు వచ్చేవి కావు.

ఇప్పుడు దయ్యం బొమ్మ సంగతి తేలికగా అర్థమవుతుంది. సాఫ్టువేరు శ్రమ తగ్గించుకోవడానికి తెరంతా ప్రతిసారీ గీయదు. మారిన భాగాన్ని మాత్రమే తిరిగి గీయమంటుంది. బొమ్మ పాత చోటు నుండి కదిలింది కనుక ఆ చోటును తుడిచి గీయాలి. ఆ ఆజ్ఞ దారిలో తప్పిపోతే పాత బొమ్మ అక్కడే ఉండిపోతుంది. నల్లని పట్టీలూ, రంగురంగుల పిచ్చి గళ్ళూ మరో రకం. గీయడం పూర్తికాని జ్ఞాపకశక్తి భాగాన్ని కార్డు తెర మీదికి పంపినప్పుడు, అందులో ఉన్న పాత చెత్త అలా కనిపిస్తుంది.

దోషం ఎక్కడ?

ఇలాంటప్పుడు "ఫార్మాటు కొట్టేయండి" అని సలహా చెప్పేవాళ్ళు ఎక్కువ. నాకది నచ్చదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఇల్లు మారమన్నట్లుంటుంది. ఇక్కడ ఒక షాపులో జాతర నాలుగు రోజులుందనగా ఇదే లోపం వచ్చింది. కొత్త గ్రాఫిక్సు కార్డు కొనక తప్పదని ఎవరో చెప్పారట. అది ఆ షాపాయన రెండు నెలల అద్దె. సెలవుల్లో అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రవాడు మాత్రం ముందు పరీక్షలు చేసి చూద్దామన్నాడు.

మొదట బొమ్మను జూమ్ చేసి వెనక్కి తెచ్చాడు. దయ్యం మాయమైంది! తెరంతా మళ్ళీ గీయవలసి వచ్చింది కనుక పాత మరక పోయింది. ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ఫోనులో చూశాడు. శుభ్రంగా ఉంది. అంటే పని చెడలేదు, చూపించడమే చెడింది. తరవాత పట్టీలు పడినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్నీ ఫోనులో చూశాడు. పట్టీలు అందులోనూ ఉన్నాయి. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. స్క్రీన్‌షాట్ అనేది తెరను తీసిన ఫొటో కాదు, కంప్యూటరు లోపల తయారైన బొమ్మకు నకలు. అందులో పట్టీలు లేకపోతే మానిటరునో వైరునో అనుమానించాలి. ఉంటే దోషం లోపలే.

చివరకు సాఫ్టువేరు సెట్టింగులలో గ్రాఫిక్సు ప్రాసెసరును వాడుకోవద్దని టిక్కు తీసేశాడు. ఇక లెక్కల మాస్టారు ఒక్కడే గీయాలి. పని నెమ్మదించింది, కానీ పట్టీలు పోయాయి. అయితే కార్డు పాడైందా, దుబాసీ పాతదా? డివైస్ మేనేజరు తెరిచి చూస్తే డిస్‌ప్లే అడాప్టర్ల కింద కార్డు పాత డ్రైవరు తేదీ కనిపించింది. కార్డు కంపెనీ సైటు నుండి విండోస్ 11కు సరిపోయే డ్రైవరు వేసి, మళ్ళీ టిక్కు పెట్టాడు. అంతే, ఖర్చు లేదు.

కొన్నిచోట్ల కార్డు పేరుకు బదులు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటుంది. అసలు దుబాసీ దొరక్క విండోస్ తాత్కాలిక మనిషిని కూర్చోబెట్టిందన్నమాట. ఒక్కోసారి కొత్త డ్రైవరుతోనే లోపం వస్తుంది. అప్పుడు అక్కడే ఉండే "రోల్ బ్యాక్" మీటతో వెనక్కి వెళ్ళవచ్చు. ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మరీ పాత కార్డులకు కంపెనీలు డ్రైవర్లు రాయడం మానేస్తాయి. అప్పుడు టిక్కు తీసి నెమ్మదిగా పనిచేసుకోవడమో, కార్డు మార్చడమో తప్పదు.

మన అక్షరాల తంటా

తెలుగు చెదరడానికి కారణం వేరు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చారు. కొత్త విండోస్ వేసేటప్పుడు ఆ ఫాంటు పోతే కింది ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. ఆ ఫాంటు తిరిగి వేస్తే చాలు. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు 3072 నుండి 3199 వరకు సొంత సంఖ్యలున్నాయి. కానీ ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపే పని ఆపరేటింగ్ సిస్టమో, సాఫ్టువేరో చేయాలి.

అది ఎంత చిక్కు పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. "జ్ఞా" అనే మన అక్షరం సందేశంగా వస్తే ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు ఉన్నట్టుండి మూతపడ్డాయి. జ (3100), పొల్లు (3149), ఞ (3102), దీర్ఘం (3134) వరసగా వస్తే చిక్కు లేదు. దీర్ఘానికి ముందు 8204 అనే కంటికి కనపడని విడదీత గుర్తు దూరినప్పుడే తంటా. ఫోను భాగాలు ఏవీ మార్చలేదు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 అప్‌డేటుతో లోపం పోయింది.

ఫ్లెక్సీ ప్రింటరు దగ్గరకు ఫైలు పంపేవాళ్ళు అక్షరాలను ముందే గీతలుగా మార్చి పంపుతారు. దీన్ని కర్వ్స్ చేయడం అంటారు. అప్పుడు అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినా ఒత్తు చెదరదు. కాకపోతే గీతలైపోయిన అక్షరాలను మళ్ళీ దిద్దలేం. అందుకే మార్చే ముందు అసలు ఫైలు నకలు ఒకటి వేరే పేరుతో దాచుకుంటారు.